మూడో మిషను

మూడు అట్టపెట్టెలు బల్ల మీద వరసగా పెట్టి, పెళ్ళిచూపుల్లో పిల్లల్ని చూసినట్టు చూసింది బీబీ రుకియా.

"ఏది కావాలో నువ్వే తేల్చు మ్వాకియో. నడిపేవాడివి నువ్వు. ఇవి మా తమ్ముడి కొట్లోవే. కొన్నాళ్ళు వాడుకుని వెనక్కిచ్చినా ఏమీ అనడు. ఈ ట్రిప్పులో మూడూ పెట్టి చూసుకో."

మ్వాకియోకి ఛాతీ కొంచెం పొంగింది. మొంబాసా రేవు దగ్గర ఇన్నేళ్ళుగా లారీ తోలుతున్నా, ఏది కావాలో నువ్వే చెప్పమని అడిగిన యజమాని లేడు. టైర్లు కొన్నప్పుడు అడగలేదు, సీటు మార్చినప్పుడు అసలే అడగలేదు. ఇప్పుడు బోరు పైపులు లోపలి ఊళ్ళకి చేరవేసే కాంట్రాక్టు వచ్చింది. పేరు కూడా వినని పల్లెలకి వెళ్ళాలి. ఏ వంతెన కింద బండి దూరుతుందో, ఏ కల్వర్టు బరువు మోస్తుందో చెప్పే జీపీఎస్ లేకుండా ఆ పని చెయ్యలేం అన్నది ఆవిడ. నిజమే అనుకున్నాడు మ్వాకియో.

"ఒకటి బిగించామంటే ఇక పక్కన మనిషి దండగ కదా," అంది ఆవిడ, ఏలకుల టీ అతనివైపు జరుపుతూ. "రెండో బండి ఒక్క డ్రైవరుతోనే తిరుగుతోంది. కిసిలుకి ఇవ్వాల్సిందేదో ఇచ్చి పంపించేద్దాం. నీ మాట వింటాడు, నువ్వే నచ్చచెప్పు."

మ్వాకియో టీ పక్కన పెట్టాడు. కిటికీలోంచి కిసిలు కనిపిస్తున్నాడు. వంగి, ఇనపకడ్డీతో ఒక్కో టైరూ కొట్టి, చెవి పెట్టి వింటున్నాడు. తల నెరిసి, ముందు పళ్ళు రెండు ఊడి, మనవలకి పెళ్ళీడు వస్తున్న మనిషి. అయినా ఆ దేశంలో లారీ క్లీనర్ని టర్న్‌బాయ్ అనే అంటారు. కాటికి వెళ్ళినా బాయే.

ఇంతకాలం బండిని కనిపెట్టుకున్నవాడిని అట్టపెట్టెలో పట్టే వస్తువు కోసం దింపేస్తారా అని మ్వాకియోకి కడుపు మండింది. పైకి మాత్రం "సరే బీబీ" అన్నాడు. మనసులో అప్పుడే తీర్పు రాసేసుకున్నాడు. మూడూ పెడతాడు, మూడూ పనికిరావని తెచ్చి ఇదే బల్ల మీద పడేస్తాడు.

*

మ్వాకియోది తైతా కొండలు, కిసిలుది కిబ్వేజీ దగ్గర కాంబా పల్లె. ఆ రెండు తెగలవాళ్ళు ఎదురుపడితే వేళాకోళానికైనా తిట్టుకోకుండా పలకరించుకోకూడదు. అందుకని తొలిరోజు నుంచీ ఒకరికొకరు బావే.

"ఏంటి బావా, ముగ్గురు పెళ్ళాల్ని ఎక్కించావు?" అన్నాడు కిసిలు, ఎడమవైపు తలుపు పట్టుకుని ఎక్కుతూ. పిడి కోసం అతని చెయ్యి రేకు మీద ఒకసారి తడుముకుంది.

"వీళ్ళలో ఎవరూ కాపరానికి పనికిరారులే."

"చూడకముందే ఎలా తెలిసింది? నీకసలే ఆడవాళ్ళని అంచనా వెయ్యడం రాదు."

మారియాకానీ కాటా దాటాక మొదటిదాన్ని అద్దానికి అతికించారు. ఎండ ఎక్కేసరికి దాని తెర బడిపిల్లాడి పలకలా నల్లబడిపోయింది. ఇంగ్లీషులో ఏదో చెబుతూనే ఉంది. వోయీలో డీజిలు బంకు ఎక్కడని అడిగితే సంత మధ్యలోంచి టమాటా గంపల మీదుగా పొమ్మంది. మోటారుసైకిళ్ళ వాళ్ళ కోసం చేసినట్టుంది. కిసిలు కిందికి దిగి, చేతులూపి జనాన్ని జరిపి, లారీని వెనక్కి తీయించేసరికి సంతంతా నవ్వింది.

రెండోదాని తెర బాగుంది, గొంతు బాగుంది. కానీ మలుపు దాటేశాక మలుపు సంగతి చెబుతోంది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం," అన్నాడు మ్వాకియో, సంతోషం దాచుకోలేక.

"గుడ్డికన్నా మెల్ల మేలులే." కిసిలు ఆ రెండోదాన్ని ఊడదీసి ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత జాగ్రత్తగా అట్టపెట్టెలో సర్దాడు. మ్వాకియోకి ఆ జాగ్రత్త చూస్తే జాలేసింది. తన చోటు ఎత్తుకుపోయే వస్తువని తెలియక పసివాడిలా ముచ్చటపడుతున్నాడనుకున్నాడు.

దారి పొడుగునా పాత పద్ధతే సాగింది. బండి ఎడమకి తీయాల్సి వస్తే కిసిలు తల బయటపెట్టి "ఎడమ ఖాళీ!" అని అరిచేవాడు. రోడ్డు మీద పచ్చి కొమ్మలు కనిపిస్తే "ఆకులు!" అనేవాడు. "చూశా" అనేవాడు మ్వాకియో. ఎక్కడైనా లారీ ఆగిపోతే దాని వెనక దూరం నుంచీ కొమ్మలు నరికి పరుస్తారు. ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించమని కబురు. బండి బాగైనవాడు పోతూపోతూ ఆ కొమ్మలు తీసెయ్యాలి. చాలామంది తియ్యరు. అలా వదిలేసినవి తగిలినప్పుడల్లా కిసిలు లారీ ఆపించేవాడు. దిగి, కాలితో కాదు, రెండు చేతులా ఎత్తి పొదల్లో పారేసి వచ్చేవాడు.

"వాటిని తియ్యకపోతే అబద్ధం చెప్పినట్టు," అనేవాడు. "ఇయ్యాళ అబద్ధం చెప్పిన ఆకుని రేపు ఎవడూ నమ్మడు."

*

ఎంతీతో అందేయీ ఊళ్ళో మామా మ్వెండే హోటలుంది. మామా అంటే అక్కడ అమ్మ అని. ఆ హోటలు బెంచీ మీద లారీవాళ్ళు భుజాలు ఒరుసుకుంటూ కూర్చున్నారు. ఒక పక్కకి జరిగి వీళ్ళిద్దరికీ చోటిచ్చారు. ఉగాలి ముద్దలూ, ఆకుకూరా, ఉడికించిన చిక్కుళ్ళూ వచ్చాయి.

"కొత్త పెళ్ళాన్ని తెచ్చుకున్నావంట మ్వాకియో," అన్నాడు ఒచోలా. ఒచోలా కిసుము వైపు ట్యాంకరు తోలుతాడు. నోరు ఊరుకోదు కానీ, ఎవడి బండి చెడినా ముందు దిగేది అతనే. "తిండి పెట్టక్కర్లేదంట, దారి మాత్రం చెప్తుందంట."

"ఇంట్లో ఉన్నావిడా దారే చెప్తుంది. వినే మొగుడేడీ?" అన్నాడు కిసిలు. బెంచీ అంతా నవ్వింది.

ఒచోలా నవ్వలేదు. "అవి ఎక్కిన ప్రతి బండిలోంచీ ఒక మనిషి దిగిపోయాడు. నా బండిలోంచీ దిగాడు. నేను నోరు మూసుకు కూర్చున్నా. ఇప్పుడు రాత్రి తిండి కూడా ఒక్కణ్ణే తింటున్నా. నువ్వైనా సరిగ్గా ఉండు."

"మూడూ చెత్తే," అన్నాడు మ్వాకియో గట్టిగా. "వెనక్కిచ్చేస్తున్నా. నా బండిలో మా బావ తప్ప ఇంకెవరూ దారి చెప్పక్కర్లేదు."

ఒకడు వీపు తట్టాడు. మామా మ్వెండే అడక్కుండానే ఇంకో గరిటెడు చిక్కుళ్ళు వేసింది. మ్వాకియో ఆ పూట కడుపు నిండా తిన్నాడు. మంచివాడనిపించుకున్న పూట ఎవడికైనా తిండి సహిస్తుంది.

కిసిలు మాత్రం ముద్ద కలుపుతూనే, తలెత్తకుండా, "మూడోది ఇంకా పెట్టనే లేదు కదా బావా," అన్నాడు.

*

మూడోది బిగించేటప్పుడు బండి ఎత్తెంత, పొడవెంత, బరువెంత అని అడిగింది. మ్వాకియో నోటికొచ్చింది చెప్పబోతే కిసిలు ఒప్పుకోలేదు. పైపుల మీదికెక్కి, తాడు కిందికి వేలాడదీసి కొలిచి మరీ చెప్పాడు.

"మనమే తప్పు చెప్తే పాపం అదేం చేస్తుంది?"

అది స్వాహిలీ మాట్లాడింది. తీరం వైపు పెద్దింటి ఆడవాళ్ళు మాట్లాడేలాంటి భాష. "దయచేసి ఎడమవైపునకు తిరగండి" అన్నప్పుడు కిసిలు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దయచేసి అంట! నేనెప్పుడైనా నీతో దయచేసి అన్నానా బావా?"

"నువ్వు గాడిదా అంటావు."

"గాడిదని గాడిదనే అనాలి."

ఎమాలీ దగ్గర పెద్దరోడ్డు వదిలి లోయితోకితోక్ వైపు దిగారు. పైపులు దించాల్సిన పల్లె అటెక్కడో ఉంది. ఎర్రమట్టి బాటలు, ముళ్ళచెట్లు, ఎటు చూసినా ఒకేలా ఉంది. మ్వాకియో మనసులో ఒకటే కోరిక, ఈ మిషను ఎక్కడో ఒకచోట బోల్తా కొట్టాలి. అది కొట్టలేదు. ముందున్న చిన్న వంతెన మీ బరువు మోయదని చాలా ముందే చెప్పింది. చుట్టుదారి చూపించింది. సరిగ్గా బోరు వేస్తున్న గుంట పక్కకి తెచ్చి నిలబెట్టి, గమ్యం చేరుకున్నారు అంది.

కిసిలు మెచ్చుకోలుగా నాలుక చప్పరించాడు. "మాట నెమ్మది. ముందుగా చెప్తోంది. చెప్పింది మళ్ళీ ఒకసారి చెప్తోంది. ఇదయ్యా మనిషంటే."

మ్వాకియోకి ఒళ్ళు మండింది. "నీ గోరీకి నువ్వే రాళ్ళు మోస్తావేంటి? ఇది బిగిస్తే నిన్ను దింపేస్తానంది బీబీ. తెలుసా నీకు?"

చెప్పకూడదనుకున్న మాట జారిపోయింది. కిసిలు ఆశ్చర్యపోలేదు. దుమ్ము పట్టిన తెరని చొక్కా అంచుతో తుడిచి, "తెలుసు," అన్నాడు.

*

మిగిలిన పైపులు నారోక్ వైపు చేరాలి. నైరోబీ దాటి, మాయీ మాహీయూ లోయలోకి దిగుతున్నారు. పొద్దు బాగా ఎక్కింది. ఆకాశం కడిగినట్టుంది. కింద లోయ అంతా అడుగు దాకా కనిపిస్తోంది. మ్వాకియో చిన్న గేరులో పెట్టి, ఇంజను పట్టు మీదే బండిని ఆపుకుంటూ దించుతున్నాడు. మిషను దూరం చెబుతోంది. కిసిలు చెరుకుముక్క నములుతూ నేరుగా రోడ్డుకేసే చూస్తున్నాడు.

మలుపు తిరగగానే రోడ్డు మీద కొమ్మలు కనిపించాయి. పచ్చివి, ఇంకా వాడనివి. మ్వాకియో కళ్ళు వాటిని చూశాయి. కానీ కాలు కదల్లేదు. ఇన్నేళ్ళుగా కొంచెం మెత్తబడినా, బ్రేకు మీదికి ఆ కాలు "ఆకులు!" అన్న కేకకే లేచింది. కేక రాకపోయేసరికి, కళ్ళెదుట ఉన్నవి ఆకులని కాలికి తెలియలేదు.

రెండో కుప్ప టైర్ల కింద నలిగింది. అప్పుడు తొక్కాడు బ్రేకు. పైపులన్నీ ఒక్కసారి ముందుకి జరిగి క్యాబిను వెనక దభేలుమన్నాయి. బండి వణుకుతూ, మూలుగుతూ వెళ్ళి, రోడ్డుకడ్డంగా ఆగి ఉన్న ట్రైలరుకి ఒక మనిషి పట్టేంత దూరంలో నిలిచింది. ట్రైలరు కింద పనిచేస్తున్నవాడు పాకుతూ బయటికొచ్చి, మట్టిలో అలాగే కూర్చుండిపోయాడు.

"ఏమైంది? టైరా?" అన్నాడు కిసిలు.

ఎదురుగా ట్రైలరుంది. చక్రం వెనక పెట్టిన రాయితో సహా కనిపిస్తోంది. మ్వాకియో పక్కకి తిరిగి కిసిలు మొహంలోకి చూశాడు. బహుశా మొదటిసారి చూడటం. నల్లగుడ్లు బాగానే ఉన్నాయి. అవి దేన్నీ పట్టుకోవడం లేదు.

ట్రైలరువాడు వచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. మ్వాకియో అన్నీ పడ్డాడు. బండిని పక్కకి తీసి ఆపాడు. ఇద్దరూ దిగి రోడ్డు పక్క రాళ్ళ మీద కూర్చున్నారు. కిసిలు చేతిలో చెరుకుముక్క ఇంకా అలాగే ఉంది.

"ఎప్పట్నుంచి?"

"మెల్లగా పోయాయి బావా. ముందు పక్కలు పోయాయి. ఇప్పుడు నడిమధ్యన చిన్న కంతలోంచి చూసినట్టుంటుంది. అదీ పొగ. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదైనా ఆనుతుంది."

"చూపించుకోలేదా?"

"చూపించుకున్నా. నరం ఎండిపోయిందన్నారు. ఎండింది చిగురించదంట."

"మరి ఇన్నాళ్ళూ అరుస్తున్నావు కదా! ఆకులన్నావు, ఎడమ ఖాళీ అన్నావు..."

"ఎదుటి బండి లైట్లు కొడితే, నీ కాలు మెత్తబడి ఇంజను మోత తగ్గితే ఆకులున్నాయని తెలిసేది. తెలిశాక అరిచేవాణ్ణి. నువ్వు చూశా అనేవాడివి. ఇయ్యాళ ఎదురు బండి రాలేదు, దిగుడులో నీ కాలూ మెత్తబళ్ళేదు."

"ఎడమ పక్క?"

కిసిలు చెరుకుముక్క పక్కన పడేశాడు. "చెవులు పెట్టేవాణ్ణి. మోటారుసైకిలు వస్తే వినపడుద్ది. నడిచే మనిషి వినపడడు."

మ్వాకియో లేచి నాలుగడుగులు వేశాడు. ఆ గొంతు విని తను ఎడమకి తిప్పిన సంతలూ, బడుల ముందు మలుపులూ గుర్తొచ్చాయి. వెనక్కొచ్చి కిసిలు చొక్కా పట్టుకున్నాడు.

"చంపేవాళ్ళం కదరా ఎవణ్ణో! ఏ పిల్లాణ్ణో! సిగ్గు లేదూ నీకు?"

"ఉంది," అన్నాడు కిసిలు. విడిపించుకోలేదు. "అందుకే కదా మూడోదాన్ని అంత జాగ్రత్తగా విన్నా. అది అబద్ధం చెప్పట్లేదు బావా. చెప్తున్నది నేనే."

మ్వాకియో చెయ్యి వదిలేసింది.

"నాకొక్కటి చేసిపెట్టు," అన్నాడు కిసిలు. "మూడోది బ్రహ్మాండంగా ఉందని బీబీకి చెప్పు. అందరూ వినేలా చెప్పు. అది ఉంటే కిసిలు దండగ అను. మిషను వచ్చి పంపేశారంటే మా ఊళ్ళో వాళ్ళు నా పక్కన కూర్చుని నాతో కలిసి తిడతారు. కళ్ళు పోయి వచ్చాడంటే చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. ఎప్పుడో ఒకనాటికి నడిపిస్తార్లే. కొన్నాళ్ళు తిట్టుకోనీ."

"నన్నూ తిడతారు."

"తిడతారు," అన్నాడు కిసిలు. "నాకూ తప్పదు తిట్టడం."

ట్రైలరు బాగై కదిలింది. వాడు కొమ్మలు తీయకుండానే పోయాడు. కిసిలు లేవబోయాడు. మ్వాకియో అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, తనే వెళ్ళి ఒక్కో కొమ్మా ఎత్తి పొదల్లో వేసి వచ్చాడు.

*

యార్డులో లోడరులూ, రెండో బండి డ్రైవరూ, టీ అమ్మే ఆవిడా అందరూ ఉన్నారు. మ్వాకియో గొంతు సవరించుకున్నాడు.

"మూడోది బాగుంది బీబీ. అదే ఉంచండి."

"మరి కిసిలు?"

"అది ఉంటే..." అతని చూపు పక్కకి పోయింది. కిసిలు అయిదడుగుల దూరంలో, గోనెసంచి చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆపకు అన్నట్టు గడ్డం కొంచెం పైకెత్తాడు. "అది ఉంటే కిసిలు దండగ."

కిసిలు నేల మీద ఉమ్మేశాడు. ఎంత బాగా ఉమ్మేశాడంటే, నాటకమని తెలిసిన మ్వాకియోకే గుండె గతుక్కుమంది.

"తైతావాడి బుద్ధి చూశారా! ఇన్నేళ్ళు కలిసి ఉప్పు తిన్నాం. గాజుముక్కకి అమ్మేశాడు నన్ను!"

లోడరులు కిసిలు చుట్టూ చేరారు. టీ ఆవిడ అతనికి ఊరికే టీ ఇచ్చింది. ఎవరో సంచి అందుకున్నారు. ఇద్దరు చెరో పక్కా భుజాల మీద చేతులేసి బస్సు దాకా తీసుకెళ్ళారు. గేటు దగ్గరున్న గుంట అతను చూడలేదని వాళ్ళకి తెలియలేదు. కోపంలో ఉన్న మనిషిని అలాగే పట్టుకుని నడిపిస్తారు.

*

తర్వాతి ట్రిప్పుకి మ్వాకియో ఒక్కడే బయల్దేరాడు. అద్దం మీద మూడోది మర్యాదగా మాట్లాడుతోంది. పక్కసీటు మీద నీళ్ళసీసా ఒకటి అటూ ఇటూ దొర్లుతోంది. తిట్టడానికి ఎవరూ లేక అతను దాన్నే రెండు మాటలన్నాడు.

మామా మ్వెండే హోటల్లో బెంచీ నిండుగా ఉంది. ఎవరూ జరగలేదు. ఒచోలా పళ్ళెంలోంచి తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు.

"ఇక్కడ కూర్చుని, మూడూ చెత్తే అన్నోడు ఇతనే," అన్నాడు పక్కవాడితో. "బావని దింపి బొమ్మని ఎక్కించాడు. నేను పిరికివాణ్ణి, నోరు మూసుకున్నా. ఇతను నోరు తెరిచి మరీ అమ్మాడు."

చెప్పేయొచ్చు. ఒక్క మాట చాలు, బెంచీ అంతా జరుగుతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇక్కడ పడిన మాట సాయంత్రానికల్లా కిబ్వేజీలో దిగుతుందని కూడా అతనికి తెలుసు. మ్వాకియో పళ్ళెం పట్టుకుని గోడవైపు తిరిగి, నిలబడే తిన్నాడు. మామా మ్వెండే చిక్కుళ్ళు ఒక్క గరిటెడే వేసింది.

మళ్ళీ రోడ్డెక్కాక ఒకచోట కొమ్మలు కనిపించాయి. ఎండిపోయినవి, ఎవరో వదిలేసినవి.

"ఆకులు," అన్నాడు పైకి. కాలు లేచింది. "చూశా," అన్నాడు మళ్ళీ తనే. దిగి తీసి పారేసి వచ్చేసరికి మిషను దయచేసి ప్రయాణం కొనసాగించండి అంటోంది. ఏడుపొచ్చింది. ఎవరూ చూడటం లేదు కాబట్టి కాసేపు ఏడ్చాడు కూడా.

కిబ్వేజీ జంక్షన్లో రోడ్డుకడ్డంగా గతుకులుంటాయి. బళ్ళన్నీ నత్తల్లా పాకుతాయి. ఎడమ పక్క కొట్టు అరుగు మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్యలో, ఉతికిన చొక్కాతో, కిసిలు. ఎవరో మ్వాకియో లారీని గుర్తుపట్టి అతని మోచెయ్యి పొడిచారు.

కిసిలు లేచి నిలబడ్డాడు. పిడికిలి బిగించి పైకెత్తాడు.

"ఒరే తైతా దొంగా! నీ బండి బురదలో దిగబడా! నీ పెట్టె నిన్ను చెరువులోకి తోలా!"

గొంతు మునపటిలాగే ఉంది. కానీ ఆ పిడికిలి మ్వాకియో బండి కేసి లేదు. ముందు పోతున్న ఇసుక లారీ కేసి ఉంది. ఇసుక లారీవాడు అయోమయంగా తొంగి చూస్తున్నాడు. అరుగు మీద ఒకాయన కిసిలు మొహం కేసి, పిడికిలి కేసి, మళ్ళీ మొహం కేసి చూడటం మొదలుపెట్టాడు.

మ్వాకియో హారన్ మీద చెయ్యేశాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ఏ డీజిలు బంకులో కునికినా కిసిలుని లేపి పరుగెత్తించే హారన్ అది.

కిసిలు తల గిర్రున తిరిగింది. పిడికిలి గాల్లోనే జరిగి, సరిగ్గా డ్రైవరు కిటికీకి ఎదురుగా వచ్చి నిలిచింది.

"నిన్నేరా గాడిదా!"

అరుగంతా ఘొల్లుమంది. అందరూ లేచి అతనితో కలిసి పిడికిళ్ళు ఊపారు. చూస్తున్న ఆ పెద్దాయన కూడా ఊపాడు. మ్వాకియో మొహం పక్కకి తిప్పుకోలేదు. చివరి గతుకు దాటేదాకా ఆ తిట్లన్నీ విని, కిటికీ దించే ఉంచి, నైరోబీ వైపు పోయాడు.